సీసంలో ముంచిన కత్తులు

ఇనుము సీసంలో మునగదు. ఈ సంగతి డిప్లొమా చదివే రోజుల్లోనే మస్తాన్ వలీకి తెలుసు. కళ్లారా చూసింది మాత్రం సౌదీలోని నజ్రాన్‌లో. కరిగిన సీసం ఇనుముకంటే బరువు. సీసం నింపిన నిలువు తొట్టిలోకి కత్తిని దించితే, బావిలోకి నెట్టిన బెండులా పైకి తన్నుకొస్తుంది. దాన్ని లోపలే ఉంచాలంటే ఒక మనిషి తొట్టి మీదికి వంగి, పట్టకారుతో కిందికి అదిమిపట్టి, మధ్య మధ్య పైకి లాగి రంగు చూసుకుంటూ నిలబడాలి. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా అలా నిలబడిన మనిషి దేవన్న. అక్కడ నిలబెట్టింది మస్తాన్ వలీ.

దేవన్నది నిర్మల్ దగ్గర పల్లె. ఇంటి పని కమ్మరం. ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చి నాగళ్ల పని పోయింది. తర్వాత కొడవళ్లు కూడా అంగట్లో తయారుగా దొరకడం మొదలైంది. కొలిమి ఆర్పేసి గల్ఫ్ వచ్చాడు. ఏడేళ్లు ఖఫ్జీలో కట్టడాలకు ఇనుప చువ్వలు వంచాడు. ఆ కంపెనీ మూతపడితే, నజ్రాన్‌లో కత్తులు చేసే చోట కమ్మరి కావాలంటున్నారని ఎవరో చెప్పగా ఇటు మారాడు. వయసు నలభై ఆరు. భార్య ఊర్మిల ఊళ్లో బీడీలు చుడుతుంది. ఏడేళ్ల తర్వాత మళ్లీ కొలిమి ముందు కూర్చునే పని దొరికిందని అతను సంతోషంగా వచ్చాడు.

మస్తాన్ వలీది ప్రొద్దుటూరు. దేవన్నకంటే ఎనిమిదేళ్లు చిన్న. హైదరాబాదులో గేర్లకు గట్టిదనం పట్టించే కార్ఖానాలో పదేళ్లు పని నేర్చుకుని వచ్చాడు. అతని ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు మీద టెక్నీషియన్ అని ఉంది. దాన్ని సూపర్‌వైజర్‌గా మారిస్తే భార్య సురయ్యాను తెచ్చుకునే వీలు వస్తుంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమెతో కలిసి ఉన్నది అన్నీ కలిపి పదకొండు నెలలు.

వర్క్‌షాపు యజమాని అబూ నాయిఫ్ సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. అరవై దాటాయి. పనివాళ్ల మీద గొంతెత్తేవాడు కాదు. పారిశ్రామిక వాడలో, యెమెన్ వైపు కొండలు కనిపించే చివరి వీధిలో ఆయన షెడ్డు. అంతకుముందు అక్కడ గేట్లూ, ఒరలతో సహా చిన్న కత్తులూ చేసేవారు. పెద్ద కత్తులంటే ఆయనకు పిచ్చి. ఆఫీసు గోడకు రెండు వేలాడుతుండేవి. ఒకటి ఇంగ్లండులో ఒక సైనికాధికారి కోసం చేసింది, రెండోది రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ అధికారిది. జపాన్ కత్తిని పాతకాలపు కమ్మరి చేతి పని అనుకుని వేలంలో కొన్నాడట. ఇంటికి తెచ్చి పిడి ఊడదీస్తే, లోపలి ఇనుము మీద ఆయుధాల కర్మాగారం ముద్ర కనిపించింది. యుద్ధంలో లక్షల కత్తులు కావాల్సి వచ్చి, వాళ్లు కూడా యూరప్ వాళ్లలా కడ్డీ ఉక్కును మరసుత్తెల కింద సాగదీసి, నూనెలో చల్లార్చి పంపేశారని ఆయనే మస్తాన్‌కు చెప్పాడు. పైకి జపాన్, లోపల యూరప్ అని నవ్వాడు.

ఆయనకు ఆ ఏడు పెద్ద ఆర్డరు వచ్చింది. సైనిక శిక్షణ పాఠశాలల కవాతులకూ, అర్దా అనే కత్తుల నృత్యానికీ పన్నెండు వందల కత్తులు, సెప్టెంబరులో వచ్చే జాతీయ దినానికి. బజారులో దొరికే రేకు కత్తులు కాకుండా, వంచితే వంగి మళ్లీ నిటారుగా లేచే అసలైన ఉక్కు కావాలన్నారు. ఎలా చేస్తావో చూడు అని ఆయన మస్తాన్‌కు వదిలేశాడు.

మొదట జపాన్ పాత పద్ధతి ప్రయత్నించారు. ఉక్కును మడతపెట్టి కొట్టి, మళ్లీ మడతపెట్టి కొట్టి కత్తి ఆకారం తెస్తారు. తర్వాత వీపు మీద మందంగా, అంచు మీద పల్చగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీళ్లలో దించుతారు. పల్చటి మట్టి కింద అంచు చటుక్కున చల్లారి గట్టిపడుతుంది. వీపు మెల్లగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. కత్తికి ఒంపు వచ్చేది ఆ క్షణంలోనే. మస్తాన్ ఇదంతా వివరిస్తే దేవన్నకు వింతగా ఏమీ తోచలేదు. తమ ఊళ్లో ఉలికి మొన గట్టిగా, నెత్తి మెత్తగా ఉండాలని మొన ఒక్కదాన్నే నీళ్లలో పెడతామని, ఇదీ అలాంటిదేనని అన్నాడు. వాదీ అనే ఎండిన ఏటి ఒడ్డు నుంచి బంకమట్టి తెచ్చి, బొగ్గు నూరి కలిపి, వేలితో పూశాడు.

మూడు కత్తులు చేశాడు. మొదటిది నీళ్లలో దిగగానే టప్పుమంది, అంచు నుంచి వీపు దాకా చీలింది. రెండోది విపరీతంగా వంగిపోయింది. మూడోది నిలిచింది. సాన మనిషి సలీం దానికి మెరుగు పెట్టాక, అంచు వెంబడి తెల్లటి మబ్బు తునకల్లాంటి గీత తేలింది. సలీం పాకిస్తాన్ వాడు, తాతల నాటి నుంచి సానపట్టే ఇంటివాడు. అతను కూడా కాసేపు పని ఆపి చూశాడు. అబూ నాయిఫ్ ఆ కత్తిని రెండు చేతుల్లోకి తీసుకుని దేవన్న భుజం తట్టాడు. ఆ సాయంత్రం దేవన్న ఊర్మిలకు ఫోన్ చేసి వీడియోలో కత్తి చూపించాడు.

కానీ ఒక్కో కత్తికి నాలుగైదు రోజులు పట్టింది. మూడింటిలో ఒకటి నీళ్లలోనే పోతోంది. పన్నెండు వందలు అలా అయ్యే పని కాదు.

అందుకని పడమటి దేశాల పద్ధతికి వచ్చారు. అక్కడ మట్టి లేదు, మడతలు లేవు. మంచి ఉక్కు కడ్డీ ఒకటి తీసుకుని మరసుత్తె కింద సాగదీసి, నడుమ గాడి తీసి, కత్తి మొత్తాన్ని ఒకే వేడికి తెచ్చి నూనెలో ముంచాలి. అప్పుడు గాజులా పెళుసెక్కుతుంది. మళ్లీ తక్కువ వేడి పెడితే ఆ పెళుసుతనం పోయి స్ప్రింగులా తయారవుతుంది. చివర అర్ధచంద్రంలా వంచి, దిమ్మె మీద అంచుతో ఒక దెబ్బ, వీపుతో ఒక దెబ్బ కొట్టి పరీక్షిస్తారు. నిలిచిన కత్తి మీదే ముద్ర వేస్తారు.

చిక్కంతా ఒకే వేడి దగ్గర వచ్చింది. మూడడుగుల కత్తి మొత్తానికి ఒకే వేడి రావాలి. గ్యాసు పొయ్యిలో కాల్చిన మొదటి ముప్పై కత్తులూ నూనెలో దిగగానే పాముల్లా మెలికలు తిరిగాయి. పొడవాటి కరెంటు కొలిమి తెప్పించాలంటే నెలలు పడుతుంది. అప్పుడు మస్తాన్‌కు ఇంగ్లీషు కార్ఖానాల వాళ్లు వందేళ్ల కిందట రాసిపెట్టుకున్న కాగితాలు ఇంటర్నెట్‌లో దొరికాయి. వాళ్లు కత్తుల్ని కరిగిన సీసంలో కాల్చేవాళ్లు. ద్రవం కాబట్టి అన్ని పక్కలా ఒకే వేడి. అతను లావుపాటి ఇనుప గొట్టానికి అడుగు మూయించి, చుట్టూ బర్నర్లు పెట్టించి, పాత బ్యాటరీల దుకాణాల నుంచి సీసం తెప్పించాడు. మొదటి రోజు పది కత్తులు దించారు. పదీ గీత గీసినట్టు నిటారుగా వచ్చాయి. అంత గర్వపడిన రోజు తన ఉద్యోగంలో మరొకటి లేదని మస్తాన్ తర్వాత చెప్పుకునేవాడు.

ఆ కాగితాల్లోనే ఇంకో మాట కూడా ఉంది. తొట్టి మీద పొగగొట్టం ఉండాలి, అక్కడ నిలబడే మనిషిని వారం వారం మార్చాలి, చేతులు కడగకుండా తిండి ముట్టుకోనివ్వకూడదు. మస్తాన్ అది రెండుసార్లు చదివాడు. అబూ నాయిఫ్‌కు చెప్పాడు కూడా. పైకప్పు కోసి గొట్టం పెట్టాలంటే బలదియా, అంటే మునిసిపాలిటీ అనుమతి కావాలని, ఆర్డరు అయిపోయాక చూద్దామని ఆయన అన్నాడు. మనిషిని మార్చడం కుదరలేదు. తొట్టి పక్కన పెట్టిన మీటరు పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ చెప్పేది. దేవన్న కన్ను తప్పేది కాదు. పైకి లాగిన కత్తి రంగు చూసి ఇక చాలు అంటే చాలు. ఇంకెవరు నిలబడినా పదిలో నాలుగు పాడయ్యేవి.

దానికి మారుగా అబూ నాయిఫ్ రోజూ చల్లటి లబన్ సీసాలు పంపడం మొదలుపెట్టాడు. మజ్జిగ తాగితే కడుపులోకి పోయిన పొగ కడుక్కుపోతుందని షెడ్డులో అందరూ నమ్మారు. దేవన్న భక్తిగా పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తాగేవాడు. దాంతో ఏమీ కాదని మస్తాన్‌కు తెలుసు. పోనీలే, ధైర్యంగా ఉంటారని ఊరుకున్నాడు.

సీసం గాలి తగిలి పాడవకుండా పైన బొగ్గుపొడి చల్లేవారు. అయినా తొట్టి అంచుల్లో పసుపుపచ్చటి పొడి పేరుకునేది. దేవన్న రోజూ చీపురుకట్టతో ఊడ్చి డబ్బాలో పోసేవాడు. పొద్దున గట్టిదనం పట్టించడం, మధ్యాహ్నం వేడి తగ్గించి పెళుసు తీయడం. అలా మొదట్లో వారానికి ముప్పై, తర్వాత యాభై కత్తులు బయటికి వచ్చాయి.

మేలో దేవన్నకు కడుపునొప్పి మొదలైంది. పేగులు మెలిపెట్టినట్టు వచ్చేది, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని నేలమీద కూర్చునేవాడు. నాలుగైదు రోజులకోసారి కూడా విరేచనం అయ్యేది కాదు. నోట్లో ఎప్పుడూ ఏదో తియ్యటి తుప్పు రుచి అనేవాడు. ముఖం పాలిపోయింది. నిద్రపట్టక, ఎవరు పలకరించినా విసుక్కునేవాడు. ఒకరోజు సలీం పాట పెట్టుకున్నాడని ఫోను లాగి విసిరికొట్టాడు. తర్వాత తానే వెళ్లి ఏరి తెచ్చి ఇచ్చాడు.

జూన్ మొదటి వారంలో మస్తాన్ అతన్ని బజారులోని క్లినిక్‌కు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు ఈజిప్టు మనిషి, పొట్టిగా ఉంటాడు. దేవన్నకు అరబ్బీ పని మాటలే వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుకని మాటలన్నీ మస్తాన్ ద్వారానే జరిగాయి. డాక్టరు కడుపు నొక్కి చూశాడు, కళ్లు చూశాడు, ఏం పని అని అడిగాడు. ఇనుము పని అన్నాడు మస్తాన్. డాక్టరు కలం ఎత్తి, రంగులు, బ్యాటరీలు, సీసం లాంటి వాటితో ఏమైనా పని ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు.

అప్పటికి ఐదు వందల కత్తులు కూడా పూర్తికాలేదు. సూపర్‌వైజర్ మార్పు కాగితం ఆ వారమే ఆఫీసుకు వెళ్లింది. సీసం అని చెబితే రక్తపరీక్ష అంటారు, తొట్టి ఆపమంటారు, అది తన తొట్టి. ఇవన్నీ వరసగా ఆలోచించాక తాను నిర్ణయించుకోలేదని, నోరు ముందే తెరుచుకుందని మస్తాన్ ఆ తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. అది కూడా పూర్తి నిజం కాదు.

“నో, డాక్టర్,” అన్నాడు.

దేవన్న అతని ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు గ్యాసుకు మాత్రలు రాసిచ్చాడు.

ఆగస్టు చివర్లో సైనిక పాఠశాలల తరఫున ఒక యువ అధికారి కత్తుల పరీక్ష చూడ్డానికి వచ్చాడు. అబూ నాయిఫ్ ఖర్జూరాలు, కహ్వా కాఫీ పెట్టించాడు. ఒక కత్తిని చెక్కకు బిగించి అర్ధచంద్రంలా వంచారు. వదలగానే చువ్వున నిటారుగా నిలిచింది. అధికారి తల పంకించాడు. ఈ పని చేసిన కమ్మరి ఇతనే, దిమ్మె మీద దెబ్బ కూడా ఇతని చేతే కొట్టిద్దామని అబూ నాయిఫ్ దేవన్నను ముందుకు పిలిచాడు. దేవన్న కత్తి అందుకుని భుజం పైకెత్తాడు. చెయ్యి లేచింది కానీ మణికట్టు లేవలేదు. కోసిన కోడి మెడలా ముందుకు వాలిపోయింది. కత్తి జారి సిమెంటు నేల మీద పడి మోగింది.

వచ్చినవాళ్లు మొహమాటంగా నవ్వారు. దేవన్న నవ్వలేదు. ఎడమచేత్తో కుడి అరచేతిని పైకెత్తి చూసుకున్నాడు, వదిలేశాడు. అది మళ్లీ వాలిపోయింది. ఇంకోసారి ఎత్తాడు. మస్తాన్ ఆ వాలిపోయిన చేతిని చూడగానే గుర్తుపట్టాడు. ఆ పాత కాగితాల్లోనే ఒక చోట, తొట్టి దగ్గరి పాత పనివాళ్ల చేతులు ఎలా అవుతాయో ఒక్క వాక్యంలో రాసి ఉంది.

అధికారి వెళ్లాక మస్తాన్ దేవన్నను తన కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ చూసింది సూడాన్ డాక్టరమ్మ. ఆమె దేవన్న పెదవి కిందికి లాగి, పంటి చిగుళ్ల మీద ఉన్న నీలం గీతను దీపం పెట్టి చూసింది. పని ఏమిటని అరబ్బీలో అడిగింది. మస్తాన్ అంతా చెప్పాడు. రసాస్ అన్నాడు. సీసానికి ఆ షెడ్డులో అందరూ వాడే మాట అదే. తొట్టిలో వేయడానికి స్టోరు నుంచి రోజూ రసాస్ దిమ్మెలు తెచ్చుకునేది దేవన్నే. ఆ మాట వినగానే అతను తల తిప్పి మస్తాన్ వైపు చూశాడు.

రక్తం తీసుకున్నారు. డాక్టరమ్మ మస్తాన్‌ను కూడా చొక్కా చెయ్యి మడవమంది. నమూనాలు రియాద్ వెళ్లాలి, పది రోజులు పడుతుందని చెప్పింది. అప్పటిదాకా దేవన్న తొట్టి దగ్గరికి పోకూడదంది.

కారులో కూర్చున్నాక దేవన్న ఎడమచేత్తో తలుపు లాగి వేసుకున్నాడు. ఎండకు సీట్లు కాలుతున్నాయి. మస్తాన్ బండి స్టార్ట్ చేయబోతుంటే అతను అన్నాడు.

“సారు, ఆ పొట్టి డాక్టరు గూడ గిదే అడిగిండా?”

“అడిగినాడు.”

“నువ్వు నో అన్నవు. గా ఒక్క మాట నాకు ఎరుకైంది. ఏందో ఏమో అనుకున్న.”

“పని ఆగిపోతాదని అబద్ధం చెప్పినాను అన్నా. సీసం పొగ మంచిది కాదని మొదట్నుంచీ నాకు తెలుసు. లబన్‌తో పోదనీ తెలుసు.”

దేవన్న ఒళ్లో పడి ఉన్న కుడిచేతిని చూస్తూ కూర్చున్నాడు.

“పొగ మంచిగ లేదని నా ముక్కుకు తెల్వదా? తెలుసు. కని చదువుకున్నోడివి, నువ్వు గూడ ఆడనే ఉన్నవు గదా అనుకున్న,” అన్నాడు. తర్వాత, “బండి తియ్యి,” అన్నాడు.

ఆ పది రోజులూ షెడ్డులో పని ఆగలేదు. ఆర్డరులో ఇంకా తొంభై కత్తులు మిగిలాయి. తొట్టి దగ్గర సలీంను నిలబెట్టారు. నిలబెట్టమన్నది అబూ నాయిఫ్. కాదనకుండా మీటరు పక్కన నిలబడి రీడింగులు చెప్పింది మస్తాన్. ఫలితాలు రానీ, అప్పుడు చూద్దాం అనుకున్నాడు.

ఫలితాలు వచ్చాయి. మామూలు మనిషి రక్తంలో ఐదు కూడా దాటకూడని లెక్క, దేవన్నకు తొంభై ఆరు ఉంది. మస్తాన్‌కు నలభై ఒకటి. దేవన్నను వెంటనే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నరాలు దెబ్బతిన్నాయని, సీసాన్ని కొంత బయటికి లాగే మందు ఉందని, చెయ్యి ఎంతవరకు తిరిగి వస్తుందో చెప్పలేనని డాక్టరమ్మ అంది. పని వల్ల వచ్చిన జబ్బు అని ప్రభుత్వానికి రాసి పంపాలని, షెడ్డులో పని ఎలా జరిగేదో తెలిసినవాళ్లు కింద సంతకం చేయాలని ఒక కాగితం ఇచ్చింది.

మస్తాన్ ఆ కాగితంతో అబూ నాయిఫ్ దగ్గరికి వెళ్లాడు. ఆయన అంతా విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు, కళ్లజోడు తీసి ముఖం తుడుచుకున్నాడు. దేవన్నకు వెంటనే ఇంటికి పోయే ఖురూజ్ వీసా వేయిస్తానని, రావలసినదానికంటే ఎక్కువే ఇచ్చి పంపిస్తానని, ఇండియాలో మంచి డాక్టర్లు ఉన్నారని చెప్పాడు. సంతకం మాత్రం వద్దన్నాడు. ఆ మాట ఒకసారి ఫైలులోకి ఎక్కితే షెడ్డు మూతపడుతుందని, ఆరుగురి బతుకులు రోడ్డున పడతాయని అన్నాడు. అంటూనే సొరుగులోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మస్తాన్ వృత్తి మార్పు మంజూరైంది. సూపర్‌వైజర్ అని అచ్చులో ఉంది.

మస్తాన్ ఆ కాగితాన్ని ముట్టుకోకుండా షెడ్డులోకి నడిచాడు. సలీం తొట్టి మీదికి వంగి ఉన్నాడు. మూతికి కట్టుకున్న రుమాలు జారి మెడలో వేలాడుతోంది. మస్తాన్ గ్యాసు కట్టేశాడు. ఏమైందని సలీం అడిగితే చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోమని, ఈ రోజు నుంచి ఎవరూ దీని దగ్గరికి రావద్దని చెప్పాడు. సీసం పైన పొర కట్టడం చూశాక ఆసుపత్రికి వెళ్లి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. తొట్టికి సీలు వేశారు, జరిమానా రాశారు. అబూ నాయిఫ్ మస్తాన్‌తో మాట్లాడడం మానేశాడు. ఒక్క మాట కూడా కఠినంగా అనలేదు. సూపర్‌వైజర్ కాగితం వెనక్కి పోయింది, వేరే స్పాన్సర్‌ను చూసుకోమని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. మిగిలిన కత్తుల్ని పిడులు లేకుండా అబూ నాయిఫ్ బయటి దేశంలోని ఏదో కార్ఖానా నుంచి తెప్పించుకున్నాడు. అక్కడ వాటిని ఎలా కాల్చారో ఎవరూ అడగలేదు. నజ్రాన్‌లో పిడులు మాత్రం బిగించారు. జాతీయ దినం నాటికి పన్నెండు వందలూ అందాయి. ఆసుపత్రి వార్డులోని టీవీలో కుర్రసైనికులు వరసగా నిలబడి కత్తులు తిప్పుతుంటే దేవన్న పక్క మంచం వాళ్లతో పాటు చూశాడు. సెలైన్ అయిపోవడంతో నర్సును పిలవమని మస్తాన్‌కు సైగ చేశాడు.

ఐదు రోజులు మందు ఎక్కించడం, రెండు వారాలు ఆపడం, మళ్లీ ఐదు రోజులు. కడుపునొప్పి పోయింది. వేళ్లు కొద్దిగా కదిలాయి. మణికట్టు మాత్రం లేవలేదు. రెండో విడత అయ్యాక ఇక ఇంటికి పోతానని దేవన్న పట్టుబట్టాడు. డాక్టరమ్మ ఇంకో విడత ఉండమంది. అతను వినలేదు.

బయలుదేరే ముందు రోజు దేవన్న మస్తాన్ గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“నాకో కాగితం రాసియ్యి సారు. ఏం పని చేసిన, ఎన్ని నెలలు చేసిన, ఎవరు చెయ్యమన్నరు, అన్ని రాయి. మా దిక్కు డాక్టరు అడిగితే నాకు చెప్పరాదు.”

మస్తాన్ ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి రాశాడు. తెలుగుది చదివి వినిపించమన్నాడు దేవన్న. చదివాడు. తొట్టి ఎలా ఉండేది, ఎంత వేడి, రోజుకు ఎన్ని గంటలు, పొగగొట్టం లేకపోవడం అన్నీ ఉన్నాయి. కంపెనీ ఆదేశం మీద ఈ పని చేశాడు అని ముగిసింది.

“నీ పేరేది?” అన్నాడు దేవన్న.

మస్తాన్ కాగితం వెనక్కి తీసుకుని, ఈ పద్ధతి ఎంచుకున్నదీ, ప్రమాదం తెలిసి చెప్పనిదీ, జూన్‌లో డాక్టరుకు అబద్ధం చెప్పినదీ తానేనని రాసి, పేరు, తండ్రి పేరు, ఊరు వేసి సంతకం చేశాడు. రెండో కాగితంలో కూడా అదే చేర్చాడు. దేవన్న వాటిని ఎడమచేత్తో మడిచి, పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. విమానాశ్రయానికి మస్తాన్ వస్తానంటే వద్దన్నాడు. టాక్సీ మాట్లాడుకున్నానన్నాడు.

మస్తాన్‌కు ఖఫ్జీలో, చమురు బావులకు పైపులు మరమ్మతు చేసే చోట పని దొరికింది. మళ్లీ టెక్నీషియన్. జరిగింది సురయ్యాకు ఫోన్‌లో ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె అంతా విని, ఆయన భార్య ఎట్లుందో కనుక్కున్నావా అని మాత్రం అడిగింది. అప్పటి నుంచి అతను ప్రతి శుక్రవారం ఊర్మిలకు ఫోన్ చేసేవాడు. నిర్మల్ డాక్టరు కాగితం చదివి హైదరాబాదు పంపాడని, అక్కడ మందులు వాడుతున్నామని ఆమె చెప్పేది. అన్నం ఎడమచేత్తో తింటాడని, పేర్లు మరిచిపోతున్నాడని, ఉన్నట్టుండి కోపం వస్తోందని చెప్పేది. ఆమె గొంతులో నిష్ఠూరం ఉండేది కాదు, అలసట ఉండేది. వెనక బీడీ ఆకు కత్తిరించే చప్పుడు వినిపించేది. ఫోన్ ఇవ్వమంటే దేవన్న మాట్లాడేవాడు కాదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం దేవన్నే ఫోన్ అందుకున్నాడు. మస్తాన్ ఆరోగ్యం గురించి అడగబోతే మధ్యలోనే ఆపాడు.

“ఆ సాన పట్టెటాయన రక్తం చూపిచ్చినవా?”

మస్తాన్ చూపించలేదు. గ్యాసు కట్టేసి, చేతులు కడుక్కోమని చెప్పి, అక్కడితో వదిలేశాడు. తర్వాత అతని ముఖం కూడా సరిగ్గా చూడలేదు.

“నన్ను తొట్టి కాడికి పోవద్దన్నప్పుడు ఆయననే గదా ఆడ నిలవెట్టిన్రు. ఎన్నొద్దులు?”

“పది.”

“చూపియ్యి,” అని దేవన్న ఫోన్ ఊర్మిలకు ఇచ్చేశాడు.

సలీం పాత నంబరు పని చేయలేదు. నజ్రాన్ షెడ్డులో ఎవరూ ఎత్తలేదు. నాలుగు రోజులు అందరినీ అడిగి, చివరికి సలీం బావమరిది ద్వారా తెలుసుకున్నాడు. తాయిఫ్‌లో ఒక మాంసం దుకాణాల వీధిలో కత్తులు సానపడుతున్నాడు. ఫోన్ చేస్తే సలీం సంతోషంగా పలకరించాడు, అంతా బాగానే ఉందన్నాడు. కడుపులో కొంచెం పట్టేసినట్టు ఉంటుందని, తాయిఫ్ నీళ్లు పడలేదేమోనని అన్నాడు.

మస్తాన్ ఫోర్‌మన్‌ను మూడు రోజులు సెలవు అడిగాడు. రెండిచ్చాడు. ఖఫ్జీ నుంచి తాయిఫ్‌కు బస్సులో దాదాపు ఒక రోజు ప్రయాణం. దిగగానే సలీంను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. ఏం పని చేసేవాడని డాక్టరు అడిగితే, సలీం నోరు తెరిచేలోపే మస్తాన్ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆర్నెల్లు అదే షెడ్డులో సాన, పది రోజులు తొట్టి, ఎంత వేడి, పొగ ఎక్కడికి పోయేది, ఎవరు నిలబెట్టారు. డాక్టరు రాసుకున్నాడు. సలీం అతని వైపు, డాక్టరు వైపు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.

సలీం రక్తంలో సీసం యాభై రెండు ఉంది. చేతులకు ఇంకా ఏమీ కాలేదు. మాత్రలు మొదలుపెట్టారు. ఫలితం వచ్చిన శుక్రవారం మస్తాన్ ఆ సంగతి చెబితే ఊర్మిల లోపలికి కేక వేసి భర్తకు చెప్పింది. అతను ఏమన్నాడని మస్తాన్ అడిగాడు.

“ఏమనలే అన్నా. ఇన్నడు,” అంది ఊర్మిల. “చెయ్యికి తైలం రాసే వేళయింది. మల్ల చేస్తా,” అని ఫోన్ పెట్టేసింది.